సైకాలజిస్టుల కొరత తీవ్రమే.. మరి జీతాల్లో ఇంత అంతరం ఎందుకు?

దేశంలో మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను పదేళ్లలోగా అంతర్జాతీయ ప్రమాణాల స్థాయికి చేర్చేందుకు ప్రభుత్వాలు కృషి చేయాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 నిర్దేశించింది. ఆ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. అంటే గడువు 2028తో ముగుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వెలువరించిన మానసిక ఆరోగ్య అట్లాస్ ప్రకారం భారతదేశంలో ప్రతి లక్ష జనాభాకు ఉన్న సైకాలజిస్టులు 0.07 మంది. మరో విధంగా చెప్పాలంటే సుమారు 14 లక్షల మందికి ఒక్కరు.

ఇంత కొరత ఉన్న రంగంలో చదువు ముగియగానే మంచి జీతంతో ఉద్యోగం దొరుకుతుందని విద్యార్థులు, వారి తల్లిదండ్రులు భావించడం సహజం. వాస్తవం అందుకు భిన్నంగా ఉంది. ఒకే తరగతిలో ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేసిన ఇద్దరిలో ఒకరు కొన్నేళ్ల తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థలో నెలకు లక్ష రూపాయలు అందుకుంటూ ఉండవచ్చు. మరొకరు ఒప్పంద కౌన్సెలర్‌గా అందులో చిన్న భాగంతో సరిపెట్టుకుంటూ ఉండవచ్చు. ఈ అంతరానికి ప్రధాన కారణం తెలివితేటలో, మార్కులో కాదు. ఎం.ఏ. తర్వాత వారు పొందిన శిక్షణ, దానికి చట్టపరంగా లభించిన గుర్తింపు. కొరత ఉన్నంత మాత్రాన కొలువులు పుట్టవన్నది రెండో కారణం. ఈ రెండింటినీ అర్థం చేసుకోకుండా కోర్సులో చేరితే ఏళ్లు, లక్షల రూపాయలు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

ఒకే మాట, వేర్వేరు వృత్తులు

తెలుగు పత్రికల్లో, టీవీ చర్చల్లో ‘మానసిక నిపుణులు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వృత్తులు ఇమిడి ఉన్నాయి.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఉన్నత విద్య చదివిన వైద్యుడు. మందులు రాసే అధికారం ఆయనకు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు వైద్యుడు కాదు. మానసిక పరీక్షలు నిర్వహించడం, వ్యాధి నిర్ధారణలో పాలుపంచుకోవడం, మాటల ద్వారా చేసే చికిత్స అందించడం ఆయన పని. సైకాలజీలో పీజీ చేసి బోధన, పరిశోధన, సంస్థల్లో సిబ్బంది ఎంపిక వంటి పనుల్లో ఉన్నవారు సాధారణ సైకాలజిస్టులు. ఇక కౌన్సెలర్ అనే పేరును వాడుకోవడానికి దేశమంతటికీ వర్తించే ఒకే ప్రమాణం స్థిరపడలేదు. రెండేళ్ల పీజీ చేసినవారూ, కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ అదే పేరుతో బోర్డు పెట్టుకుంటున్నారు.

పేర్లలోని ఈ గందరగోళం వేతనాలపైనా ప్రభావం చూపుతోంది. ఉద్యోగ ప్రకటనలో ‘క్లినికల్ సైకాలజిస్టు’ అని ఉంటే నిర్దిష్టమైన అర్హత అడగాల్సిందే. ‘కౌన్సెలర్’ అని ఉంటే ఎవరినైనా తీసుకోవచ్చు, ఎంతైనా ఇవ్వవచ్చు.

చట్టం ఎవరిని గుర్తిస్తోంది?

భారత పునరావాస మండలి చట్టం–1992 ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆ మండలి, అంటే ఆర్‌సీఐ, నిర్వహించే కేంద్ర రిజిస్టరులో పేరు ఉండాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 కూడా క్లినికల్ సైకాలజిస్టును దాదాపు ఇదే రీతిలో నిర్వచించింది. ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థ నుంచి క్లినికల్ సైకాలజీలో గుర్తింపు పొందిన అర్హత ఉండాలి. లేదా సైకాలజీలో పీజీతో పాటు, పర్యవేక్షణలో జరిగే క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. ఉండాలి. కేవలం ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీ పట్టా ఈ నిర్వచనానికి సరిపోదు.

మిగిలిన సైకాలజిస్టుల సంగతిని 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం పట్టించుకుంది. ఆర్‌సీఐ పరిధిలోకి రాని సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను అది ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల వృత్తుల జాబితాలో చేర్చింది. ఏకరూప పాఠ్యప్రణాళిక, రాష్ట్ర స్థాయి మండళ్లు, రిజిస్టరు ఆ చట్టం ఉద్దేశాలు. ఇవి పూర్తి స్థాయిలో అమలైతే ఎవరైనా కౌన్సెలర్ బోర్డు పెట్టుకునే పరిస్థితి క్రమంగా మారుతుంది. అప్పుడు అర్హత ఉన్నవారి సేవలకు విలువ పెరగడానికీ అవకాశం ఉంటుంది.

చదువు దారి మారుతోంది

ఇప్పుడు సైకాలజీలో చేరాలనుకునేవారు గమనించాల్సిన మార్పులు రెండు.

మొదటిది ఎం.ఫిల్. ముగింపు. జాతీయ విద్యా విధానం–2020కు అనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల్లో ఎం.ఫిల్.ను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజీలో లైసెన్సుకు ఆ డిగ్రీయే ఆధారం కావడంతో ఆ కోర్సుకు, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్.కు మాత్రం 2025–26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలు కొనసాగించేందుకు అనుమతించింది. ఆ స్థానంలో ఆర్‌సీఐ ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. వంటి కోర్సులను రూపొందించింది. పేరులో ‘క్లినికల్’ అని ఉన్న ప్రతి ఎం.ఏ.కూ ఆర్‌సీఐ ఆమోదం ఉండదు. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇదే పేరుతో సాధారణ పీజీ కోర్సులనూ నడుపుతున్నాయి. ప్రవేశం పొందే ముందు ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ సంవత్సరం ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో విడివిడిగా చూసుకోవాలి.

రెండోది దూరవిద్యకు సంబంధించినది. సైకాలజీ సహా 2021 చట్టం పరిధిలోని ఆరోగ్య సంరక్షణ కోర్సులను 2025 జులై–ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నిర్వహించరాదని యూజీసీ ఆదేశించింది. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి బాధ్యతలు చూసుకుంటూ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ చదివినవారు తెలుగు రాష్ట్రాల్లో అనేక మంది ఉన్నారు. ముఖ్యంగా పెళ్లి తర్వాత చదువు కొనసాగించాలనుకున్న మహిళలకు అదొక అందుబాటు మార్గం. ఆ మార్గం ఇప్పుడు మూసుకుపోయింది. రోగులతో నేరుగా శిక్షణ లేకుండా ఆరోగ్య వృత్తిలోకి రాకూడదన్న వాదనలో బలం ఉంది. అయితే రెగ్యులర్ కోర్సు ఉన్న కళాశాల ప్రతి జిల్లాలో లేకపోవడం వల్ల ఈ నిర్ణయ భారం చిన్న పట్టణాల విద్యార్థులపై ఎక్కువగా పడుతోంది.

తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలు ఉన్నాయి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పాటైన కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీ పునరావాస సైకాలజీలో శిక్షణ ఇస్తూ వచ్చింది. క్లినికల్ శిక్షణకు మన విద్యార్థుల్లో చాలామంది బెంగళూరులోని నిమ్హాన్స్, రాంచీలోని కేంద్ర మానసిక చికిత్సా సంస్థ వంటి చోట్ల సీటు కోసం పోటీ పడుతుంటారు. ఒక్కో బోధకుడు ఇంతమందికే శిక్షణ ఇవ్వాలన్న పరిమితి ఉండటంతో సీట్లు చాలా తక్కువ. దరఖాస్తులు మాత్రం వాటికి ఎన్నో రెట్లు వస్తాయి. ఎం.ఏ. పూర్తి చేసిన ఎక్కువ మంది ఈ దశలోనే ఆగిపోతున్నారు.

ప్రభుత్వ కొలువులో ఎంత?

కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో గ్రూప్–ఎ స్థాయి క్లినికల్ సైకాలజిస్టు పోస్టులు సాధారణంగా ఏడో వేతన సంఘం పట్టికలోని లెవెల్ 10లో ఉంటాయి. ఆ లెవెల్‌లో ప్రారంభ మూలవేతనం 56,100 రూపాయలు. 2025 జులై నుంచి వర్తించిన 58 శాతం కరవు భత్యం కలిపితే అది 88,638 రూపాయలు అవుతుంది. హైదరాబాద్ వంటి పెద్ద నగరంలో 30 శాతం ఇంటి అద్దె భత్యం, అంటే 16,830 రూపాయలు, దానికి తోడవుతుంది. కోతలకు ముందు మొత్తం లక్షా అయిదు వేలు దాటుతుంది.

సైనిక దళాల్లో అధికారుల ఎంపికకు జరిపే మానసిక పరీక్షల వెనుక డీఆర్‌డీఓకు చెందిన రక్షణ మానసిక పరిశోధన సంస్థ ఉంది. అక్కడ సైంటిస్టు–బి హోదాలో చేరేవారికీ ఇదే లెవెల్ 10 వర్తిస్తుంది.

బోధనలో విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. దీనికి ఆర్‌సీఐ నమోదు అక్కర్లేదు. నెట్ లేదా పీహెచ్.డి. వంటి అర్హతలు కావాలి. జేఆర్‌ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000 రూపాయల ఫెలోషిప్ లభిస్తోంది. చదువుతూ ఆదాయం పొందే మార్గాల్లో ఇది మెరుగైనది.

అంకెలు ఆశాజనకంగా ఉన్నా పోస్టులు పరిమితం. ఒక సంస్థలో ఒకటో రెండో ఖాళీలు వస్తాయి. అవి భర్తీ అయ్యాక మళ్లీ ఎప్పుడు ప్రకటన వస్తుందో చెప్పలేం.

ఒప్పంద ఉద్యోగాలే అధికం

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, దాని కింద జిల్లా కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. ప్రతి జిల్లా బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు ఉండాలన్నది ప్రణాళిక. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో సైకాలజిస్టు పోస్టు ఉంటుంది. హింసకు గురైన మహిళల కోసం నడిపే సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ గృహాలు, కుటుంబ న్యాయస్థానాలు, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లు పనిచేస్తుంటారు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 20 భాషల్లో ఫోనులో సలహాలు అందించే కౌన్సెలర్లకు కొత్తగా ఉపాధి కల్పించింది.

సామాన్య ప్రజలకు మానసిక ఆరోగ్య సేవ అందేది ఎక్కువగా ఈ చోట్లనే. ఈ ఉద్యోగాల్లో అత్యధికం ఏడాదికోసారి పొడిగించే ఒప్పందాలే. క్రమబద్ధమైన ఇంక్రిమెంట్లు, పింఛను, పదోన్నతులు ఉండవు. పథకానికి నిధులు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. నిపుణులు రెండు మూడేళ్లు పనిచేసి నగరానికి వెళ్లిపోతే జిల్లాలో ఖాళీ మిగులుతోంది.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అవసరం ఇంతగా కనిపిస్తున్నా, దానికి తగిన శాశ్వత పోస్టులు మంజూరు కాకపోతే నిపుణుడికి అది ఉపాధిగా మారదు.

ప్రైవేటు ప్రాక్టీసు లెక్క

సొంతంగా క్లినిక్ పెట్టుకుంటే ఆదాయం బాగుంటుందన్న అభిప్రాయం ఉంది. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక సెషన్‌కు వెయ్యి రూపాయల రుసుము, రోజుకు అయిదు సెషన్లు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 110 సెషన్లు అవుతాయి. అపాయింట్‌మెంట్ తీసుకుని రానివారు అయిదింట ఒక వంతు అనుకుంటే 88 సెషన్లు మిగులుతాయి. ఆదాయం 88 వేలు. గది అద్దె, సహాయకుల జీతం, పరీక్షా సామగ్రి, సీనియర్ల పర్యవేక్షణకు చెల్లించే రుసుము కలిపి 35 వేలు తీసివేస్తే చేతికి 53 వేలు వస్తుంది. కొత్తగా ప్రారంభించినవారికి రోజుకు రెండు సెషన్లే దొరికితే ఆదాయం ఖర్చులకే సరిపోతుంది.

వైద్యుడు ఒక పూటలో పదుల సంఖ్యలో రోగులను చూడగలడు. సైకాలజిస్టు సెషన్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట వరకు సాగుతుంది. రోజుకు అయిదారుకు మించి చేస్తే శ్రద్ధ తగ్గుతుంది. కాబట్టి ఆదాయం పెరగాలంటే రుసుము పెంచాలి. రుసుము పెంచితే మధ్యతరగతి దూరమవుతుంది. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలని 2017 చట్టం చెప్పింది. అయితే సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తాయి. వారం వారం జరిగే సెషన్ల ఖర్చును కుటుంబమే భరించాల్సి వస్తోంది. ఈ పరిస్థితి మారనంత కాలం ప్రైవేటు ప్రాక్టీసు పెద్ద నగరాల్లోనే నిలదొక్కుకుంటుంది.

క్లినికల్ లైసెన్సు లేనివారికి కార్పొరేట్ రంగం మరో దారి. సిబ్బంది ఎంపిక, శిక్షణ, ఉద్యోగుల సంక్షేమ కార్యక్రమాలు, వినియోగదారుల ప్రవర్తనపై పరిశోధన వంటి పనులకు సైకాలజీ పట్టభద్రులను తీసుకుంటున్నారు. గణాంక శాస్త్రంపై పట్టు ఉన్నవారు ఈ దారిలో త్వరగా ముందుకు వెళతారు.

విశాఖ కేసు తీసుకొచ్చిన మార్పు

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు విద్యాసంస్థలకు దేశవ్యాప్తంగా వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సామాజిక కార్యకర్తను నియమించుకోవాలి. వారికి పిల్లలు, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారిక అనుసంధానం ఏర్పాటు చేసుకోవాలి. తగిన చట్టం వచ్చే వరకు ఈ మార్గదర్శకాలు కట్టుబడి ఉండాల్సినవేనని న్యాయస్థానం స్పష్టం చేసింది.

హాస్టళ్లతో కూడిన ఇంటర్మీడియట్ కళాశాలలు, కోచింగ్ కేంద్రాలు అధికంగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ తీర్పు సక్రమంగా అమలైతే సైకాలజీ పట్టభద్రులకు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలు రావాలి. అయితే నియామకం కాగితానికే పరిమితమయ్యే ప్రమాదమూ ఉంది. వేల మంది విద్యార్థులకు ఒక్కరిని పెట్టి, ఆ ఒక్కరికీ ప్రవేశాల ప్రచారం, హాజరు లెక్కల వంటి పనులు అప్పగిస్తే తీర్పు ఉద్దేశం నెరవేరదు. అలాంటి చోట చేరే యువ కౌన్సెలర్‌కు వృత్తిపరమైన ఎదుగుదల కూడా ఉండదు.

విదేశీ అవకాశాల మాటేమిటి?

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ప్రకారం 2024 మే నాటికి అక్కడి సైకాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 94,310 డాలర్లు. అయితే అక్కడ స్వతంత్రంగా ప్రాక్టీసు చేయడానికి సాధారణంగా డాక్టరేట్, పర్యవేక్షణలో పనిచేసిన నిర్ణీత గంటలు, రాష్ట్ర లైసెన్సు కావాలి. బ్రిటన్‌లో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అనే పేరు వాడాలంటే అక్కడి ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదు తప్పనిసరి. భారతీయ పట్టాకు ఈ రెండు చోట్లా దానంతట అదే గుర్తింపు రాదు. ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో విదేశాల్లోని తెలుగువారికి సేవలు అందించాలనుకునేవారు కూడా ఆయా దేశాల నిబంధనలు తెలుసుకోవాలి.

తెలుగు తెలిసిన నిపుణుల అవసరం

మాటల ద్వారా జరిగే చికిత్సకు భాషే పనిముట్టు. ‘బెంగ’, ‘దిగులు’, ‘గుబులు’ అనే మూడు మాటలనూ ఆంగ్లంలో ఒకే పదంతో రాసేయవచ్చు. తెలుగువారికి అవి మూడు వేర్వేరు స్థితులు. దూరమైన మనిషి కోసం పడేది బెంగ. గుబులులో రాబోయేదాని భయం ఉంటుంది. తెలంగాణ పల్లెలో ఒక పెద్దావిడ ‘రంది పట్టుకుంది’ అంటే అందులో ఎంత వేదన ఉందో ఆ మాట తెలిసినవారికే అందుతుంది. చాలామంది తమ బాధను మనసు మాటగా కాక తల బరువు, గుండె దడ, ఒంట్లో నీరసం వంటి శరీర లక్షణాలుగా చెప్పుకుంటారు.

సైకాలజీ ఉన్నత విద్య దాదాపు మొత్తం ఆంగ్లంలో సాగుతోంది. విదేశాల్లో రూపొందిన ప్రశ్నావళులను తెలుగులోకి అనువదిస్తే సరిపోదు. తెలుగు మాట్లాడేవారిపై పరీక్షించి ప్రామాణికం చేయాలి. ఈ పని చేయాల్సింది ఇంకా చాలా మిగిలి ఉంది. తెలుగులో పరీక్షించి, తెలుగులో చికిత్స చేయగల నిపుణులకు జిల్లా కేంద్రాల్లో పోటీ తక్కువ. పరిశోధన వైపు వెళ్లేవారికీ ఇది విశాలమైన క్షేత్రం.

చేరే ముందు తేల్చుకోవాల్సినవి

తాను రోగులకు చికిత్స చేయాలనుకుంటున్నాడా, బోధన, పరిశోధన, కార్పొరేట్ రంగాల వైపు వెళ్లాలనుకుంటున్నాడా అన్నది విద్యార్థి ముందుగా నిర్ణయించుకోవాలి. చికిత్స వైపైతే కోర్సుకు ఆర్‌సీఐ ఆమోదం ఉందా, పూర్తయ్యాక రిజిస్టరులో ఏ విభాగం కింద నమోదు చేస్తారు, శిక్షణ ఏ ఆసుపత్రిలో జరుగుతుంది అనే ప్రశ్నలకు సంస్థ నుంచి లిఖితపూర్వక సమాధానం తీసుకోవాలి. డిగ్రీతో కలిపి ఏడెనిమిదేళ్ల వరకు స్థిరమైన ఆదాయం ఉండకపోవచ్చని కుటుంబం గ్రహించాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతంతో పాటు ఒప్పంద కాలం, ఒక్కరే ఎంతమందిని చూడాలి, పర్యవేక్షించే సీనియర్ ఉన్నారా అన్నవీ అడిగి తెలుసుకోవాలి.

చట్టం పెట్టుకున్న గడువు దగ్గర పడుతోంది. శిక్షణ సీట్లు పెరగడం, ఒప్పంద పోస్టులు శాశ్వతం కావడం, సెషన్ల ఖర్చుకు బీమా వర్తించడం అనే మూడు మార్పులు వస్తే ఇప్పుడు ఇంటర్ చదువుతున్న విద్యార్థి నిపుణుడిగా బయటికి వచ్చేసరికి పరిస్థితి మెరుగుపడుతుంది. అవి రాకపోతే ఒకవైపు చికిత్స అందని రోగులు, మరోవైపు తగిన ఉద్యోగం దొరకని పట్టభద్రులు కొనసాగుతూనే ఉంటారు.

*మానసిక ఒత్తిడితో బాధపడుతున్నవారు టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రాన్ని 14416 నంబరులో సంప్రదించవచ్చు. తెలుగులోనూ సలహాలు లభిస్తాయి.*